సీసా ఎక్కడ ముంచాం: ఒక పట్టణపు మురుగులో మందులకు లొంగని ఈ.కోలి కోసం వెతికిన కేసు

ఆ బుధవారం ఉదయం మా ఊరి మురుగు శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) ఇన్‌లెట్ దగ్గర, అంటే మురుగు లోపలికొచ్చే చోట, బకెట్ పైకి లాగితే నీళ్లు నల్లగా వచ్చాయి. మామూలుగా మా ఎస్టీపీకి వచ్చే మురుగు బూడిద రంగులో ఉంటుంది, బియ్యం కడిగిన నీళ్లలో కాస్త మసి కలిపినట్టు. ఇది పాత ఇంజన్ ఆయిల్‌లా ఉంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. పక్కనే జల్లెడకి పట్టిన చెత్త లాగుతున్న ఆపరేటర్‌ని అడిగాను.

"ఏంటి బాబాయ్, ఇవాళ నీళ్లు ఇలా ఉన్నాయి?"

"తెల్లారగట్ల లారీ వచ్చి పోయిందండీ," అన్నాడు, పాలవాడు వచ్చి పోయాడన్నంత మామూలుగా.

అప్పటికి చాలా నెలలుగా మేం అక్కడే నమూనాలు తీస్తున్నాం. మా పట్టికలో నాలుగైదు తేదీలు మిగతావాటితో ఎంతకీ పొసగడం లేదు. బ్యాక్టీరియా పెంచే ప్లేట్లు పాడయ్యాయేమో అనుకున్నాం, మా పీజీ అమ్మాయి లెక్క తప్పిందేమో అనుకున్నాం. లారీ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆపరేటర్‌కి మొదటి నుంచీ తెలుసు, మేమే అడగలేదు.

ముందే చెప్పేస్తాను. ఊరి పేరు, ఆస్పత్రుల పేర్లు రాయడం లేదు. కోస్తాలో ఒక మధ్యరకం పట్టణం అనుకోండి. ఫలితాల అంకెలు కూడా ఇవ్వను, ఆ నివేదిక పురపాలక సంఘానిది, బయటపెట్టాల్సింది వాళ్లు. మధ్యలో కనిపించే లెక్కలు విషయం అర్థం కావడానికి వేసిన ఉదాహరణలే. ఏం వెతికాం, ఎక్కడెక్కడ పొరబడ్డాం, చివరికి దేన్ని నమ్మాం అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మురుగు జోలికి ఎందుకు వెళ్లాం

నేను ఒక వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ చూస్తాను. మా ల్యాబ్‌కి వచ్చే మూత్రం కల్చర్లలో, అంటే బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షల్లో, మందులకు లొంగని ఈ.కోలి ఎంత శాతమో ఏటా లెక్క తీసి వార్డులకి పంపుతాం. ఆ శాతమే ఊరి పరిస్థితి అని చాలాకాలం నేనూ నమ్మాను. కానీ కల్చర్ దాకా వచ్చేది ఎవరు? మూత్రంలో మంట రాగానే ఎవరూ మా దగ్గరికి రారు. ముందు మందుల షాపులో రెండు మాత్రలు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఓ ఇంజక్షన్. అప్పటికీ తగ్గకపోతే పెద్దాసుపత్రి. అంటే మందు పనిచేసినవాళ్లంతా దారిలోనే ఇంటికి వెళ్లిపోయారు, పనిచేయనివాళ్లు మాత్రమే మా మెట్లెక్కారు. ఆ శాతం వాళ్లది. ఊరిది కాదు.

అసలు చిక్కు ఏ జబ్బూ లేనివాళ్లలో ఉంది. ఈ.కోలి ప్రతి మనిషి పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా. అందులో కొన్ని రకాలు ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములు తయారుచేసి సెఫొటాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ మందుల్ని ముక్కలు చేసేస్తాయి. మోసేవాడికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషనో, కాన్పో, మూత్రంలో ఇన్ఫెక్షనో వచ్చిన రోజున తెలుస్తుంది. 2019లో ప్రపంచం మొత్తం మీద 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా. ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లలో ఎందరు మోస్తున్నారో తెలియాలంటే ఇంటింటికీ వెళ్లి మలం డబ్బాలు అడగాలి. ఒకసారి అడిగి చూశాం. గుమ్మంలోంచే పంపించేశారు.

మురుగులో ఆ డబ్బాలన్నీ అడక్కుండానే కలిసిపోయి వస్తాయి. షావుకారు ఇంటివీ, పాకలో ఉండేవాళ్లవీ, నిన్న డిశ్చార్జ్ అయినవాళ్లవీ, ఆస్పత్రి ముఖం ఎన్నడూ చూడనివాళ్లవీ. ఎవరి పేరూ రాదు.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2020లో ఎస్టీపీల మురుగులో కరోనా వైరస్ ఆనవాళ్లు వెతికి నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని చెప్పడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా కమిషనర్ గారికి ఈ పని గురించి చెప్పినప్పుడు ఆ ఉదాహరణే పనికొచ్చింది. "ఓ, అదా" అన్నారు, అనుమతి వచ్చింది. అయితే రెండూ ఒకటి కాదు. వైరస్ ఉందా, ఉంటే ఎంత అన్నది అక్కడి ప్రశ్న. ఈ.కోలి ఎప్పుడూ ఉంటుంది, అందరిలోనూ ఉంటుంది. ఉన్నదాంట్లో మందుకి లొంగనిది ఎన్నో వంతు అన్నదే మా ప్రశ్న. ఆ ఒక్క మాట మరిచిపోయి రెండు నెలలు పోగొట్టుకున్నాం, ఆ సంగతి వాన దగ్గర చెబుతాను.

ఊరూ, గొట్టాలూ

ఊళ్లో సగానికి భూగర్భ డ్రైనేజీ ఉంది. మిగతా సగం సెప్టిక్ ట్యాంకులు, వాటి మీది నీళ్లు వీధి కాలవల్లోకి, కాలవలు చెరువులోకి. ఎస్టీపీకి చేరేది మొదటి సగం మాత్రమే. మురుగు మీద వచ్చే అంతర్జాతీయ వ్యాసాలు చదివితే గొట్టం ప్రతి ఇంటికీ ఉన్నట్టే రాస్తారు. మన దగ్గర గొట్టం ఉందంటేనే ఆ వీధి ఎంతో కొంత స్థోమత ఉన్నదని అర్థం. కాబట్టి "ఊరి మురుగు" అని మేం అంటున్నది ఊరి అంతటి మురుగు కాదు. నివేదిక మొదటి పేజీలోనే ఇది రాయించాను. అధికారులకి నచ్చలేదు, అయినా ఉంచాం.

ఊళ్లో మందుల ఫ్యాక్టరీ లేదు. ఇది చెప్పడానికి కారణముంది. తెలుగు నేల మీద ఈ విషయం ఎత్తగానే అందరికీ పటాన్‌చెరు గుర్తొస్తుంది. అక్కడి మందుల కంపెనీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుని మించినది అది. అక్కడ మందే నీళ్లలో ఉంది. మా కేసులో నీళ్లలో ఉన్నది మనుషుల పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియా. రెండింటినీ కలిపి మాట్లాడితే తగువులు తప్ప ఏమీ తేలదు.

బల్ల మీద పని

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ట్రైసైకిల్ అనే పద్ధతి ప్రచురించింది. మనుషులు, తిండి కోసం పెంచే జంతువులు, పరిసరాలు అనే మూడు చక్రాలు, మూడింటిలోనూ వెతికేది ఒక్కటే, ఈఎస్‌బీఎల్ చేసే ఈ.కోలి. జన్యువులు చదివే యంత్రాలు అక్కర్లేదు. ఒక మామూలు జిల్లా ల్యాబ్ చేయగలిగేలా రాశారు. మాకు నచ్చింది అదే.

పని ఇలా ఉంటుంది. టీబీఎక్స్ అనే అగర్ (బ్యాక్టీరియా పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద ఈ.కోలి నీలి ఆకుపచ్చ చుక్కలుగా మొలుస్తుంది. ఒక నమూనాకి రెండు రకాల ప్లేట్లు. ఒకటి ఉత్త టీబీఎక్స్. రెండోదానిలో లీటరుకి 4 మిల్లీగ్రాముల సెఫొటాక్సిమ్ కలిపి ఉంటుంది. మొదటిదాని మీద ఈ.కోలి అంతా మొలుస్తుంది, రెండోదాని మీద మందుని తట్టుకున్నది మాత్రమే.

ఉదాహరణకి వంద రెట్లు పలచన చేసిన మురుగులోంచి 0.1 మిల్లీలీటరు పరిచాం. ఉత్త ప్లేట్ మీద 60 చుక్కలు. అంటే మిల్లీలీటరు మురుగులో 60,000 ఈ.కోలి. మందు ప్లేట్ మీద 18 చుక్కలు, అంటే 18,000. నిష్పత్తి 30 శాతం. అయితే 18 చుక్కలు లెక్కపెట్టామంటే కేవలం అదృష్టం వల్లే అది 11 నుంచి 28 దాకా ఎక్కడైనా ఉండి ఉండొచ్చు. ఈ వారం 30, వచ్చే వారం 36 అయితే ఎగరక్కర్లేదు, కుంగక్కర్లేదు. ప్రతి పలచనకీ మూడు ప్లేట్లు వేసి కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టాకే మా గ్రాఫ్‌లో గీత కాస్త కుదురుగా కనిపించింది.

మందు ప్లేట్ మీద మొలిచిందల్లా ఈఎస్‌బీఎల్ కాదు. అందుకని నీలి చుక్కల్లోంచి కొన్ని తీసి, వాటిని పరిచిన ప్లేట్ మీద సెఫొటాక్సిమ్ బిళ్ల ఒకటి, ఈఎస్‌బీఎల్ ఎంజైముని అడ్డుకునే క్లావులానిక్ ఆమ్లం కలిపిన సెఫొటాక్సిమ్ బిళ్ల ఒకటి పక్కపక్కన పెడతాం. రెండోదాని చుట్టూ బ్యాక్టీరియా మొలవని ఖాళీ వలయం కనీసం 5 మిల్లీమీటర్లు పెద్దదైతే అప్పుడు ఈఎస్‌బీఎల్ అని రాసుకుంటాం.

ఇందులో మాకు బాగా బుద్ధి చెప్పింది ప్లేట్ల తయారీ. అగర్ బాగా వేడిగా ఉండగా సెఫొటాక్సిమ్ పోస్తే మందు చచ్చిపోతుంది. చల్లారిపోయాక పోస్తే గడ్డకట్టి సరిగా కలవదు. చెయ్యి పెట్టి పట్టుకోగలిగినంత వేడి, 50 డిగ్రీల దగ్గర పోయాలి. పోసిన ప్లేట్లు ఫ్రిజ్‌లో ఉన్నా మందు రోజురోజుకీ నీరసిస్తుంది. ఒక వారం మందు ప్లేట్ల మీద చుక్కలే చుక్కలు. మా పీజీ అమ్మాయి మొహం వెలిగిపోయింది, ఊరు మునిగిపోయిందన్నంత వార్త కదా. కంట్రోల్ ప్లేట్ ఎక్కడ అని అడిగాను. మందుకి లొంగుతుందని ముందే తెలిసిన ఏటీసీసీ 25922 అనే ఈ.కోలి మందు ప్లేట్ మీద చచ్చినా మొలవకూడదు. అది పచ్చిక లాగా పరుచుకుని ఉంది. అంటే ప్లేట్‌లో మందే లేదు. ఆ వారం లెక్కంతా కొట్టేశాం. అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ మొలవకూడని 25922 ఒకటి, మొలిచి తీరాల్సిన ఈఎస్‌బీఎల్ రకం ఒకటి పెట్టకుండా మురుగు సీసా మూత కూడా తియ్యం. (మొలవాల్సిన దానికి క్లెబ్సియెల్లా అనే వేరే బ్యాక్టీరియాలో 700603 రకం వాడేవాళ్లు జాగ్రత్త. అది మొలుస్తుంది కానీ టీబీఎక్స్ మీద నీలం రంగు రాదు. రంగు రాలేదని మంచి బ్యాచ్‌ని పారేసిన ఘనత మాకుంది.)

నమూనా తీసే చోట ఒకే నియమం. మ్యాన్‌హోల్‌లోకి ఎవరూ దిగకూడదు, తల కూడా వంచకూడదు. మనుషుల్ని మురుగులోకి దించడాన్ని నిషేధించిన 2013 చట్టం ఎలాగూ ఒప్పుకోదు, చట్టం లేకపోయినా కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని నిమిషాల్లో పడగొడుతుంది. మూత తీసి కాసేపు గాలి ఆడనిచ్చి, తాడు కట్టిన స్టీలు బకెట్ పైనుంచి దించుతాం. సీసాలు ఐస్‌పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కి. ఎండాకాలం ఐస్ కరిగితే దారిలో సోడా బండి దగ్గర ఆపి కొనుక్కున్న రోజులున్నాయి.

వాన

మొదలుపెట్టింది వేసవిలో. జూలైలో వానలు పడ్డాయి. మందుకి లొంగని ఈ.కోలి లెక్క సగానికి సగం పడిపోయింది. మేం సంతోషంగా నెలవారీ నోట్‌లో "తగ్గుముఖం" అని రాశాం. పురపాలక సమావేశంలో ఆ మాట చదివారు కూడా.

వాన నీళ్లు డ్రైనేజీలోకి వచ్చి మురుగుని పలచన చేశాయి, అంతే. పై ఉదాహరణే తీసుకోండి. 60,000 కాస్తా 20,000 అయింది, 18,000 కాస్తా 6,000 అయింది. నిష్పత్తి అదే 30 శాతం. మేం రాసింది కింది అంకెని వదిలేసి పై అంకెని మాత్రమే. మైక్రోబయాలజీలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషిని ఇంత చిన్న చోట కాలు జారానంటే సిగ్గే, కానీ జారాను. వచ్చే నెల నోట్‌లో సవరణ వేశాం, సమావేశంలో దాన్ని ఎవరూ చదవలేదు.

ఇక్కడొక సరదా సంగతి. వైరస్‌ల కోసం మురుగు చూసేవాళ్లు పలచనని సరిచూసుకోవడానికి మిరప మొక్కకి తెగులు తెచ్చే ఒక వైరస్‌ని కొలుస్తారు. మిరపకాయలతో పాటు మన పొట్టలోకి వెళ్లి, ఏ హానీ చెయ్యకుండా బయటికి వస్తుంది. మురుగులో అది ఎంత ఉంటే మనుషుల మలం అంత ఉన్నట్టు గుర్తు. మిగతా దేశాల సంగతేమో గానీ గుంటూరు కారం తినే చోట ఆ వైరస్‌కి కొరత రాదు. మాకు ఆ పరీక్ష చేసే యంత్రం లేదు, ఉత్త ప్లేట్ మీది మొత్తం ఈ.కోలి లెక్కే మా మిరప వైరస్.

ఆదివారం

నమూనా తీసే రోజు సోమవారం అని పెట్టుకున్నాం. ఎందుకంటే సోమవారం వేస్తే శుక్రవారానికి నిర్ధారణ పరీక్షలు కూడా అయిపోతాయి, శనివారం సెలవు చెడదు. ఇంతకన్నా శాస్త్రీయమైన కారణమేమీ లేదు.

ఎస్టీపీకి వచ్చే ప్రధాన లైన్ మార్కెట్ కింద నుంచి వస్తుంది. ఆదివారం ఆ వీధిలో కోడి మాంసం దుకాణాల ముందు క్యూలు. రోజంతా కోసిన కోళ్ల కడుపులు, ఈకలు, కడిగిన నీళ్లు రాత్రికి డ్రైనేజీలోకి. మరుసటి ఉదయం మేం బకెట్ ముంచి ఇది "ప్రజల పేగుల్లోది" అంటున్నాం! కోళ్ల పేగుల్లోనూ ఈఎస్‌బీఎల్ ఈ.కోలి ఉంటుంది, ట్రైసైకిల్‌లో రెండో చక్రం కోళ్ల కోసమే. దాణాలో, నీళ్లలో మందులు కలపడం మన దగ్గర కొత్త కాదు. కొలిస్టిన్‌ని తిండి కోసం పెంచే జంతువులకి వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించాల్సి వచ్చింది కూడా అందుకే.

రోజుని బుధవారానికి మార్చాం. మందు ప్లేట్ల లెక్క కాస్త మారింది, అనుకున్నంత ఎక్కువగా మారలేదు. మనుషులది ఎంత, కోళ్లది ఎంత అని ప్లేట్ మీద నీలి చుక్కని చూసి చెప్పలేం. మనుషుల పేగుల్లో మాత్రమే ఎక్కువగా దొరికే క్రాస్‌ఫేజ్ అనే వైరస్‌ని కొలిస్తే కొంత తేలుతుంది. దానికీ యంత్రం కావాలి. ఆ సంగతి తేలకుండానే ఉండిపోయింది.

లారీ

సెఫొటాక్సిమ్‌తో పాటు మెరోపెనెమ్ కలిపిన ప్లేట్లు కూడా వేస్తూ వచ్చాం. మెరోపెనెమ్ అంటే ఐసీయూలో మిగతావన్నీ అయిపోయాక తీసే మందు. దానికీ లొంగని బ్యాక్టీరియా ఊరి మురుగులో ఉందంటే నిద్ర పట్టని విషయమే.

మొదటి చిక్కు వెంటనే వచ్చింది. మెరోపెనెమ్ ప్లేట్ల మీద పసుపు, తెలుపు చుక్కలు బోలెడు. అవి చాలావరకు స్టెనోట్రోఫోమోనాస్ లాంటివి, నీళ్లలో, మట్టిలో ఉండే రకాలు. మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ మందులకి పుట్టుకతోనే లొంగవు, ఏ డాక్టర్ తప్పూ లేదు. వాటిని కలిపి లెక్కపెడితే ఏ ఊరి మురుగైనా భయంకరంగా కనిపిస్తుంది. అందుకని నీలి చుక్కల ఈ.కోలి, విడిగా గుర్తించిన క్లెబ్సియెల్లా, ఈ రెండే లెక్కలోకి తీసుకున్నాం.

అలా తీసుకున్నా నాలుగైదు తేదీల్లో మెరోపెనెమ్ ప్లేట్లు మిగతా రోజులకన్నా చాలా ఎత్తుకి లేచాయి. ఆ రోజుల్లో సెఫొటాక్సిమ్ గీత పెద్దగా కదల్లేదు. ఊరి జనం పేగులు ఒక్క వారంలో మారి మళ్లీ మరుసటి వారం మామూలు కావు. ఏదో బయటి నుంచి వచ్చి పడుతోంది.

నల్లనీళ్ల బుధవారం తర్వాత పాత పుస్తకం తీశాం. నమూనా తీసేటప్పుడు రంగు, వాసన రాసే గడి ఒకటి ఫారంలో ఉంది. మా టెక్నీషియన్ దాన్ని శ్రద్ధగా నింపాడు, నేను ఒక్కసారి కూడా చదవలేదు. ఎత్తుకి లేచిన తేదీలన్నిటికీ ఎదురుగా "నలుపు", ఒకచోట "నలుపు, చాలా వాసన".

సెప్టిక్ ట్యాంకులు తోడే లారీలు మల బురదని దాని కోసం పెట్టిన శుద్ధి కేంద్రానికే తీసుకెళ్లాలి. మా ఊరికి అది దూరం, తెల్లవారుజామున తెరిచి ఉండదు. ఎస్టీపీకి రెండు వీధుల ముందు ఒక మ్యాన్‌హోల్ మూత వదులుగా ఉంది. ఇంకేం కావాలి. ఎవరి ట్యాంకులు తోడుతున్నారని ఒక డ్రైవర్‌ని అడిగితే, మొదట చెప్పలేదు. పోలీసులమో, విలేఖరులమో అనుకున్నాడు. టీ తాగించి, లారీ నంబరు రాయనని చెప్పాక మాట్లాడాడు.

"ఇళ్లవి ఏడాదికోసారి, రెండేళ్లకోసారి మేడమ్. నర్సింగ్ హోములవి నెలకోసారి నిండుతాయి. మాకు పని వాటితోనే."

ఊళ్లో చిన్న ఆస్పత్రులు చాలావరకు డ్రైనేజీ లేని సగంలో ఉన్నాయి. ఐసీయూ ఉన్నవీ ఉన్నాయి. ద్రవ వ్యర్థాల్ని శుద్ధి చేసి వదలాలని 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి, ఎవరు ఎంతవరకు చేస్తున్నారన్నది మా పని కాదు, మేం చూడనూ లేదు. మాకు కావాల్సింది ఒక్కటే. మా ఇన్‌లెట్ సీసాలో ఉన్నది డ్రైనేజీ ఉన్న సగం ఊరి మురుగు అనుకున్నాం. కొన్ని రోజుల్లో అది డ్రైనేజీ లేని సగంలోని ఆస్పత్రుల ట్యాంకు.

అప్పుడు చేసిన పని చిన్నదే. సీసా ముంచే చోటుని విడగొట్టాం. ఇన్‌లెట్ ఒకటి అలాగే ఉంచి, ఎగువన మూడు మ్యాన్‌హోళ్లు ఎంచుకున్నాం. ఒకటి కేవలం ఇళ్లున్న కాలనీది, ఆ లైన్ మీద ఆస్పత్రి లేదు, మాంసం దుకాణం లేదు. రెండోది మార్కెట్ లైన్. మూడోది లారీలు పోసే మ్యాన్‌హోల్‌కి కాస్త ఎగువన. (ల్యాబ్‌లో చుక్కల్నీ కాలనీలే అంటాం, వీధినీ కాలనీయే అంటాం. "కాలనీలో కాలనీలు ఎన్ని" అని మా అమ్మాయి రాసిన వాక్యం చదివి ఆ రోజు అందరం నవ్వుకున్నాం.)

మెరోపెనెమ్ ప్లేట్లు కాలనీ లైన్‌లో దాదాపు ఖాళీగా వచ్చాయి. లారీ మ్యాన్‌హోల్‌కి ఎగువనా అంతే. ఎత్తులన్నీ ఇన్‌లెట్‌లోనే, అదీ నల్లనీళ్ల రోజుల్లోనే. ఇది చూసి నిజంగా ఊపిరి పీల్చుకున్నాం.

సెఫొటాక్సిమ్ ప్లేట్లు ఆ అవకాశం ఇవ్వలేదు. నిష్పత్తి అన్ని చోట్లా ఎక్కువే, అన్ని చోట్లా దాదాపు ఒకటే. ఆస్పత్రి లేని, మాంసం దుకాణం లేని కాలనీ లైన్‌లో కూడా. ఉదయం పూట పిల్లల్ని స్కూలు బస్సెక్కించే, సాయంత్రం మేడ మీద నడిచే మనుషుల మురుగు అది. లారీ గోలలో పడి నెల రోజులు నేను దీన్ని సరిగా చూడలేదు. పైకీ కిందకీ ఎగిరే గీత కంటికి ఆనుతుంది. ఎత్తులో ఉండి కదలని గీతని ఎవరూ చూడరు.

ఎవరికి ఎలా చెప్పాం

ఇలాంటి ఫలితం చెప్పడంలో మన దేశానికి ఒక పాత గాయం ఉంది. న్యూ ఢిల్లీ పేరు పెట్టిన ఎన్‌డీఎం-1 జన్యువు మెరోపెనెమ్ లాంటి మందుల్ని పనికిరాకుండా చేస్తుంది. 2010లో ఢిల్లీలో తీసిన నమూనాల మీద 2011లో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో వ్యాసం వచ్చింది. వీధుల్లో నిలిచిన, కాలవల్లో పారే నీళ్లు 171 నమూనాలు తీస్తే 51లో, కుళాయి నీళ్లు 50 తీస్తే 2లో ఆ జన్యువు దొరికింది. 2010లోనే దేశమంతా ఆ పేరు మీద మండిపడింది, మెడికల్ టూరిజాన్ని దెబ్బతీసే కుట్ర అన్నారు. కాలవల మాట ఎక్కడో కిందకి పోయింది. నాకు ఆ పేరు ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ 51 మాత్రం పేరుతో మారదు.

అందుకని మేం విలేఖరుల దగ్గరికి వెళ్లలేదు. మొదట శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాం, తర్వాత ఇంజినీర్‌కి, తర్వాతే కమిషనర్‌కి. లారీల మీద కేసులు పెట్టమని అడగలేదు, ఎందుకంటే పెడితే వాళ్లు చెరువులో పోస్తారు, మాకు కనిపించకుండా పోతుంది. మల బురద శుద్ధి కేంద్రం తెల్లవారుజామున నాలుగింటికి తెరవమని, ఆ మ్యాన్‌హోల్ మూత బిగించమని మాత్రమే అడిగాం. మూత బిగించారు. కేంద్రం ఆరింటికి తెరుస్తున్నారు. బేరం కుదిరినంత.

డాక్టర్లకి చెప్పడం ఇంకా కష్టం. మురుగు ఫలితం చూసి రోగికి మందు రాయకూడదు, ఎవరి మూత్రం కల్చర్ వాళ్లదే. మా ఆస్పత్రి సమావేశంలో నేను అన్నది ఇంతే. మూత్రంలో మామూలు ఇన్ఫెక్షన్‌తో వచ్చినవాళ్లకి కల్చర్ రాకముందే సెఫిక్సిమ్ రాసే అలవాటు ఏ నమ్మకం మీద ఉందో, ఆ నమ్మకానికి ఈ ఊళ్లో ఆధారం లేదు. దాని బదులు నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ అనే మందులు ఉన్నాయి, ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లోనూ ఉన్నాయి. ఒక సీనియర్ సర్జన్ గారు లేచి, "మీరు డ్రైనేజీ చూసి మాకు వైద్యం నేర్పుతారా?" అన్నారు. మూత్రం కల్చర్ల లెక్క కూడా పక్కనే పెట్టి చూపించాను. ఆయన ఒప్పుకోలేదు, కానీ ఆ తర్వాత వారి యూనిట్ నుంచి కల్చర్లు ఎక్కువగా రావడం మొదలైంది.

"అయితే మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇవ్వడం ఆపితే సరిపోతుందా?" అని కమిషనర్ గారు అడిగారు. ఆపాల్సిందే. అయితే 60 దేశాల్లో 79 చోట్ల మురుగు చూసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మందులకు లొంగకుండా చేసే జన్యువులు ఎక్కడ ఎక్కువున్నాయో చెప్పడానికి మందుల వాడకం లెక్క కన్నా పారిశుధ్యం, ఆరోగ్యం, జీవన స్థితిగతుల లెక్కే బాగా సరిపోయిందని తేలింది అందులో. ఒకరి పేగుల్లోది ఇంకొకరి నోట్లోకి వెళ్లే దారి తెరిచి ఉంటే మందులు తక్కువ వాడినవాడికీ చేరుతుంది. డ్రైనేజీ లేని రెండో సగం ఊరి మాట అప్పుడు మళ్లీ ఎత్తాను. నిధుల మాట ఆయన ఎత్తారు.

ఇప్పుడు

ఇన్‌లెట్ దగ్గర నెలకి ఒకసారి, కాలనీ మ్యాన్‌హోల్ దగ్గర నెలకి రెండుసార్లు తీస్తున్నాం. సెప్టిక్ ట్యాంకుల సగం కోసం శుద్ధి కేంద్రంలో లారీ దించే చోటే నమూనా తీయాలని చూస్తున్నాం. అక్కడ ఒక చిక్కుంది. ఇంటి ట్యాంకులో రెండేళ్లు కూర్చున్న బురదలో ఈ.కోలి చాలావరకు చచ్చిపోయి ఉంటుంది, ఎవరు మిగిలారో వాళ్ల లెక్కే వస్తుంది. దాన్ని డ్రైనేజీ లెక్క పక్కన పెట్టి పోల్చలేం. అందుకే దానికి వేరే పుస్తకం పెట్టాం, ఇంకా అందులో రాసింది తక్కువే.

ఫారంలో రంగు, వాసన గడిని మొదటి వరుసలోకి మార్చాం. ఆపరేటర్ బాబాయ్‌కి నా నంబరు ఉంది. మూత బిగించాక కూడా ఎక్కడో ఒకచోట పోస్తూనే ఉన్నారు. కొన్ని ఉదయాలు ఐదున్నరకి ఫోన్ వస్తుంది.

"మేడమ్ గారూ, లారీ వచ్చిందండీ. ఇవాళ వద్దు, రేపు రండి."

రేపూ వెళతాం, ఆ రోజూ వెళతాం. ఆ రోజు సీసా మీద తేదీ పక్కన 'లా' అని రాసి, వేరే పెట్టెలో పెడతాం.